బావకు ఉప్పు మాన్పించిన సంగతి

అక్క మొగుణ్ణి ఏడిపించే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చింది. పెళ్లినాడు చర్చిలో ఉంగరం తొడిగే ముందు బావ కోటు జేబులో గుప్పెడు ఎండు రొయ్యలు పోశాను. ఉంగరం కోసం చెయ్యి పెట్టి రొయ్యపొట్టు బయటికి తీశాడు. పాస్టరుగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి. మా నెల్లూరు తీరంలో బావా బామ్మర్దుల మధ్య ఇలాంటివి తప్పు కాదు. నొచ్చుకున్నవాడిదే తప్పు. ఈ చట్టం రాసినవాడెవడో గాని, నాలాంటివాడి కోసమే రాసి ఉంటాడు.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. మానేశాను అనడం నా గొప్ప కోసం. హెడ్మాస్టరుగారు కాలు కొంచెం ఈడ్చి నడిచేవారు. ఒకరోజు ప్రేయరులో ఆయన వెనకే అలాగే నడిచి చూపించాను. బడంతా నవ్వింది, ఆయన వెనక్కి తిరిగారు. ఆ మర్నాటి నుంచి నేను మోటార్లు రిపేరు చేసే షెడ్డులో ఉన్నాను. చదువు రాలేదు గాని మనుషులు వచ్చారు. ఒకణ్ణి ఒక్కసారి చూస్తే చాలు, వాడి నడక, గొంతు, దగ్గు, ముక్కు చీదడం అన్నీ నాకు దిగిపోతాయి. పెళ్లిళ్లకి నన్ను పిలిచేది అందుకే, నా చదివింపుల కోసం కాదు.

రొయ్యల గుంటల్లో నీళ్లను చిలకడానికి ఏరియేటర్లు ఉంటాయి. నీళ్ల మీద తేలుతూ తిరిగే చక్రాలు. అవి ఆగితే రొయ్యలకి గాలి అందదు. వాటి మోటార్లు కాలిపోతే నన్ను పిలుస్తారు. బావది కూడా గుంటల పనే, ఒక ఆసామి దగ్గర మేత చూసేవాడు. గట్టు మీద నించి తట్టలాంటి వలను నీళ్లలోంచి పైకి లాగి, రొయ్య మేత తిన్నదా లేదా, పేగు నల్లగా ఉందా తెల్లగా ఉందా చూడటం ఆయన పని. రోజూ నీళ్లలో ఉప్పు శాతం కొలిచి పుస్తకంలో రాసేవాడు. నెమ్మదిమనిషి. ఆయన ఒక మాట మొదలుపెట్టేలోపు నేను పది మాట్లాడేవాణ్ణి.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట ఎండాకాలం ముందర మారాడు. మాట మీద మాట, నవ్వు మీద నవ్వు. రోజుకి రెండు గంటలు కూడా పడుకోడని అక్క చెప్పింది. నాకేమో పండగ. పెళ్లైన పన్నెండేళ్లకి మొదటిసారి నా జోకుకి తిరుగు జోకు వేశాడు. టీ అంగడికి తీసుకుపోయి కూర్చోబెట్టి, "కానీ బావా, ఇంకోటి కానీ" అని ఎగదోశాను. రొయ్యలకి తమిళం వచ్చని, చక్రాల చప్పుడు బైబిలు వాక్యం చదువుతోందని చెప్పేవాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. "మా బావ ఇన్నాళ్లకి మనిషైనాడయ్యా" అన్నాను. ఆయనకి జబ్బు చేసిందని ఆ బెంచీ మీద ఒక్కడికీ తోచలేదు. నవ్వించేవాడికి జబ్బేమిటి?

ఒక పొద్దున బావ ఆసామి గుంటకి తూము చెక్కలు ఎత్తేశాడు. ఎనిమిది రోజుల్లో పట్టుబడికి వచ్చే రొయ్య అంతా కాలవలో పడింది. ఆయన కాలవలో ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, చేతులు చాచి, "పోండమ్మా, మీ ఊరికి పోండి" అని రొయ్యల్ని సముద్రం వైపు తోలుతున్నాడు. ఊరంతా బకెట్లు, దోమతెరలు పట్టుకుని పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను. ఇక్కడ అబద్ధం చెప్పను: బకెట్టు నింపుకున్న తరవాతే బావను పట్టుకున్నాను.

ఆయనకి 'తూము' అని పేరు పెట్టింది కూడా నేనే. సాయంత్రానికి ఊరికి పాకింది. మరుసటి ఆదివారానికి చర్చి మెట్ల మీద కూడా వినపడింది.

నెల్లూరులో ఒక ఆసుపత్రిలో మూడు వారాలు ఉంచారు. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ గది బయటికి వచ్చి, "ఈయన తరఫున చదువుకున్నవాళ్లు ఎవరున్నారు?" అని అడిగింది. అక్కకి చదువు రాదు, సిగ్గుపడి వెనక్కి జరిగింది. "నేనున్నా మేడమ్, ఎనిమిది" అన్నాను. సగం అని చెప్పలేదు.

లోపల బావ స్టూలు మీద కూర్చున్నాడు. మాత్రల మత్తులో తల వేలాడుతోంది గాని, కళ్లు డాక్టరమ్మ పెదాల మీదే ఉన్నాయి. ఆమె నిదానంగా చెప్పింది. "దీన్ని బైపోలార్ అంటారు. కొన్నాళ్లు మనసు పైపైకి పోతుంది, కొన్నాళ్లు అడుక్కి దిగిపోతుంది. దయ్యం కాదు, పొగరు కాదు, చేసిన పాపం కాదు. జబ్బు. బీపీకి మాత్ర వేసుకున్నట్టే దీనికీ వేసుకోవాలి. వేసుకుంటే పనికి పోవచ్చు, సంసారం చేసుకోవచ్చు. ఈ మాత్ర పేరు లిథియం. రక్తంలో ఎంత ఉండాలో అంతే ఉండాలి, అందుకని వారానికి ఒకసారి తీసుకొచ్చి రక్తం చూపించాలి, తరవాత మేం చెప్పినప్పుడల్లా. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ఉప్పు ఎప్పుడూ తిన్నట్టే తినాలి. తగ్గించకూడదు. ఉప్పు తగ్గితే ఈ మందు ఒంట్లోనుంచి బయటికి పోదు, పేరుకుపోయి విషమవుతుంది. నీళ్లు బాగా తాగాలి. ఎండలో చెమటోడ్చే పని వద్దు. వాంతులైనా, విరోచనాలైనా, చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా మాత్ర ఆపేసి ఆ పూటే తీసుకురండి."

"మేడమ్, ఉప్పు తినమని చెప్పిన డాక్టరు ఈ జిల్లాలో మీరొక్కరే" అన్నాను. ఆమె నవ్వలేదు. "నేను చెప్పింది తిరిగి చెప్పండి" అంది. చెప్పాను. పొల్లుపోకుండా, ఆమె గొంతుతోనే, ఆమె కళ్లజోడు పైకి తోసుకున్న చోట నేనూ లేని కళ్లజోడు తోసుకుంటూ. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బాగా విన్నారు" అంది డాక్టరమ్మ. బళ్లో ఏ పరీక్షకీ రాని మార్కులు ఆ గదిలో వచ్చాయి.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ వాకిట్లోనే ఉంది. నాన్న పోయాక అక్క దగ్గరే ఉంటోంది. బావ మంచం మీద కూర్చున్నాడు. పొయ్యి మీద ఎండు చేపల పులుసు ఉడుకుతోంది. ఆయనకి దానికి మించింది లేదు. మూడు వారాల ఆసుపత్రి కూడు తిన్న మనిషి, ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడు.

"పత్యం ఏం చెప్పినార్రా?" అంది అమ్మ. పత్యం లేని మందు మందే కాదు మా అమ్మకి.

ఆ ముక్కు చూశాను. పులుసు గిన్నె చూశాను. నోరు ఊరుకోలేదు.

"ఉప్పు మానెయ్యాలంట."

"రవ్వంత కూడానా?"

"చిటికెడు తగలకూడదంట. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎండు చేపలు, ఊరగాయి, అప్పడం, ఏదీ లేదు."

బావ తలెత్తాడు. మాట మెల్లగా వచ్చింది. "అట్టా చెప్పలేదే. తినమనింది కదా. తగ్గించొద్దనింది."

అమ్మ ఆయన వంక జాలిగా చూసింది. "నీకేం తెలస్తది నాయనా. నువ్వు మత్తులో ఉండావు. ఊరుకో."

"లేదత్తా, నేను విన్నాను."

"చూసినావామ్మా?" అన్నాను అమ్మతో, కన్ను కొడుతూ. అమ్మ ఆ కన్ను చూడలేదు. బావ చూశాడో లేదో తెలీదు. "గడప తొక్కంగానే తిరగబడతా ఉండాడు మీ అల్లుడు."

అంతే. ఆ ఇంట్లో ఆ రోజు మంచి చెడ్డ తెలిసినవాళ్లు ముగ్గురు, తెలియనివాడు ఒకడు. నిజం చెప్పింది మాత్రం ఆ ఒకడే. నీళ్లకి పోయిన అక్క రాగానే అమ్మ "ఉప్పు పత్యం" అంది, అక్క గుడ్లనీరు కుక్కుకుంటూ పులుసు గిన్నె లోపలికి తీసుకుపోయింది. అమ్మ వేరే దాకలో ఆయనకి చప్పిడి పప్పు వండింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు బావ మొహం చూసి నేను వాకిట్లోకి వచ్చి గోడకి ఆనుకుని నవ్వాను.

రెండు రోజులు ఆట పట్టించి చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కాని మూడో రోజు ఆయన అన్నం వంక చూసే చూపు ఇంకా బాగుంది. నాలుగో రోజు ఆ చూపును టీ అంగట్లో చేసి చూపించాను, గిరాకీ పెరిగింది. తిండి సంగతే కదా, తిండితో మనిషి చస్తాడా అనుకున్నాను. విషమన్న మాట నేను నా నోటితో, ఆమె గొంతులో, తిరిగి చెప్పినవాణ్ణే. మాటలు నాకు గొంతుతోనే దిగుతాయి, అర్థంతో కాదు.

ఆసామి ఎటూ పనిలోకి రానివ్వడు, ఇంకెవరూ పిలవరు. అందుకని బావను నా వెంట తిప్పుకున్నాను, ఉపకారమని ఊళ్లో చెప్పుకుంటూ. ఎండలో గట్ల మీద మోటార్లు మోయించాను. ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయేది. వారానికి రక్తపరీక్ష అన్నది అప్పుడే దాటిపోయింది. కొడవలూరు దగ్గర అర్జంటు పని వచ్చింది, వచ్చే వారం పోదాం అన్నాను. వచ్చే వారం ఇంకో మోటారు కాలింది.

ఒక రోజు మోటారు దించి గట్టు మీద కూర్చున్నప్పుడు బావ అడిగాడు. అప్పటికే ఆయన చేతులు సన్నగా వణుకుతున్నాయి.

"బామ్మర్దీ, ఒక్క మాట నిజం చెప్తావా. నవ్వులాటకి కాదు. ఆ డాక్టరమ్మ ఉప్పు తినమనింది కదా?"

చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మనుషులు లేరు, నీళ్లు, చక్రాలు తప్ప. నేను మొహం అమాయకంగా పెట్టాను. అది నాకు బాగా వస్తుంది.

"నీకు అట్టా వినపడిందా బావా?"

"వినపడింది."

"అదే బావా జబ్బంటే."

ఆయన నీళ్ల వంక తిరిగాడు. "అంతేనేమో" అన్నాడు. ఆ తరవాత ఎవరినీ అడగలేదు. పెట్టింది తిన్నాడు, ఇచ్చిన మాత్ర మింగాడు. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో అంత బాగా పనిచేసింది ఇంకోటి లేదు.

బావ బాగుపడి ఇంటికి వచ్చాడని అక్క కృతజ్ఞత కూడిక పెట్టించింది. ఆసుపత్రి నుంచి వచ్చి అప్పటికి ఇరవై రోజులు. ఇంటి ముందు షామియానా, పాస్టరుగారు, సంఘం వాళ్లు నలభై మంది దాకా. రెండు రోజులుగా బావకు తిన్నది తిన్నట్టు వాంతి అవుతోంది. "చప్పిడి తిండి కదా, పడటంలా, అలవాటైపోతది" అంది అమ్మ. ప్రార్థన అయ్యాక ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నారు. లేచాడు. రెండడుగులు వేసేసరికి పక్కకి తూలి, కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మైకు పట్టుకున్న చెయ్యి కొట్టుకుంటోంది, మైకు పళ్లకి తగిలి టకటకమంది. "దేవుడు నాకు" అన్నాడు. అది కూడా నోటినిండా అన్నం పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది. తరవాతి ముక్క ఎవరికీ అర్థం కాలేదు.

వెనక వరసలోంచి ఎవరో, "తూము బావ మందేసుకోని వొచ్చినట్టుండాడే" అన్నారు.

నేను వెనకాల వంటల దగ్గర ఉన్నాను. జనం నా వంక చూశారు. నలభై మంది చూస్తే నేను ఆగలేను, అది నా జబ్బు. గరిటె మైకులా పట్టుకుని లేచాను. రెండడుగులు వేశాను, తూలాను, కుర్చీ పట్టుకున్నాను. గరిటెను పళ్లకి టకటక కొట్టుకున్నాను. "దే...వుగు నాగు" అన్నాను. షామియానా కింద నవ్వు ఎలా పేలిందంటే, పాస్టరుగారు "అయ్యా, అయ్యా" అంటూనే పైగుడ్డతో మూతి మూసుకున్నారు. అక్క కూడా నవ్వింది. తాగాడనుకుంటే అవమానం కదా, జోకనుకుంటే గట్టెక్కుతుంది, అందుకని నవ్వింది.

వాంతులు, వణుకు, తూలడం, ముద్దమాట. డాక్టరమ్మ చెప్పిన ఐదు గుర్తుల్లో నాలుగు ఎదురుగానే ఉన్నాయి, వాటిలో మూడింటిని నేను ఒకదాని తరవాత ఒకటి చేసి చూపించాను.

బావ నా వంకే చూస్తున్నాడు. ఆయన కూడా నవ్వబోయాడు. నవ్వు ఒక పక్కకి లాగేసింది, కళ్లు పైకి పోయాయి, మైకుతో సహా కింద పడి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు స్పీకర్లో వచ్చింది. కొంతమంది ఇంకా నవ్వుతూనే ఉన్నారు, అదీ ఆటలో భాగమనుకుని.

ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను పెట్టారు. డాక్టరమ్మ ఆ రోజు నన్ను గుర్తుపట్టలేదు. హడావుడిలో నేరుగా ఆడవాళ్ల దగ్గరికి వచ్చింది.

"ఈయన ఉప్పు తినడం లేదా?"

అక్క అమ్మ వంక చూసింది. అమ్మ నా వంక చూసింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో మా అమ్మకి మొత్తం తెలిసిపోయింది, ఆ రోజు తను చూడని నా కన్ను కొట్టడంతో సహా.

"లేదమ్మా" అంది అమ్మ. "పత్యం కదా అని నేనే ఆపినాను."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవురూ చెప్పలా. నాకే తోచింది."

డాక్టరమ్మ నడవాలో అందరి ముందూ అమ్మను తిట్టింది. తిట్టాల్సిందే. "చంపేసేవాళ్లు, తెలుసా? ఇంకో పూట ఆలస్యమైతే మిగిలేవాడు కాదు." అమ్మ తల వంచుకుని చెంగు నోట్లో కుక్కుకుంది. అక్క ఆ రోజు నుంచి అమ్మతో మాట్లాడలేదు. నేను పక్కనే నిలబడి మంచినీళ్ల సీసా మూత తిప్పుతున్నాను, తీస్తూ, పెడుతూ.

బావ బతికాడు. చేతి వణుకు మాత్రం కొంచెం మిగిలింది. రక్తం సరిపడ్డాక అదే మాత్ర తక్కువ మోతాదులో మళ్లీ వేసుకోవాలన్నారు. బావ వేసుకోలేదు. అక్క బతిమాలింది, డాక్టరమ్మ చెప్పి చూసింది. ఆయన ఒకటే మాట: "ఆ గదిలో నాకేం చెప్పినారో నాకే సరిగ్గా తెలీదు. అప్పుడు విన్నది నిజమో, ఇప్పుడు వింటా ఉండేది నిజమో. నా చెవిని నేనే నమ్మలేను, మీ మాత్రను ఎట్టా నమ్మేది?" మాత్రే విషమని ఊరు కూడా అంది. పిచ్చి మాత్రలు మనిషిని పీనుగ చేస్తాయని టీ అంగట్లో తేల్చారు. అదే అంగట్లో ఇంకో ఇద్దరు తమ ఇళ్లల్లో వాడుతున్న మాత్రలు మాన్పించారని తరవాత విన్నాను. నా జోకు ఎంత దూరం పోయిందో నాకు లెక్క తెలీదు.

అమ్మ మా ఇంటికి వచ్చేసింది. నా మొహం చూస్తూ నాకే అన్నం పెట్టేది, ఒక్క మాట అడిగేది కాదు. కూరలో ఉప్పు సరిగ్గానే ఉండేది. నాకే దిగేది కాదు.

మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అక్క షెడ్డుకి వచ్చింది. అమ్మ ఇంట్లో ఉందేమోనని మా ఇంటికి రాకుండా షెడ్డుకి వచ్చింది.

"మళ్లీ మొదలైందిరా. నాలుగు రోజులుగా నిద్ర లేదు. మాట మీద మాట. నిన్న పొద్దున ఎవురిదో గుంట కాడికి పొయ్యి తూము చుట్టూ తిరగతా ఉంటే కాపలాయన తరిమినాడంట. ఈసారి తూము మీద చెయ్యేస్తే కొట్టి చంపతాం అన్నారు. మాత్ర వేసుకోమంటే నన్నే తిడతా ఉండాడు. నీ మాటైతే నవ్వుకుంటానైనా వింటాడు. నువ్వు చెప్పు నాయనా."

ఏం చెబితే వింటాడో నా ఒక్కడికే తెలుసు.

బావ ఇంటి వెనక వేపచెట్టు కింద ఉన్నాడు. పాత వల ఒకటి ముందేసుకుని, అతుకులు వేస్తూ, ఊడదీస్తూ, ఎదురుగా ఎవరూ లేకుండానే మాట్లాడుతున్నాడు. నన్ను చూసి చేతులు చాచాడు. "రా బామ్మర్దీ, రా. నువ్వే కావాల. శ్రీహరికోట వాళ్లకి ఉత్తరం రాయాల, నువ్వు చెప్తా ఉండు నేను రాస్తా. రొయ్యని పైకి పంపితే దానికి బరువుండదు, బరువు లేకపోతే మేత అక్కర్లేదు..."

"బావా, డాక్టరమ్మ ఉప్పు తినమనే చెప్పింది" అన్నాను.

ఆగలేదు. "మేత లేకపోతే నీళ్లు చెడవు, నీళ్లు చెడకపోతే..."

"బావా. ఉప్పు మానమనింది నేను. ఆమె తినమనింది. నువ్వు విన్నదే నిజం. ఆటకి చెప్పినాను."

పెద్దగా నవ్వాడు. నా తొడ మీద చరిచాడు. "బలే! ఇది బాగుండాది. ఇది అన్నిట్లోకీ బాగుండాది. పోయి అంగట్లో చెప్పు!"

నేను నిజం చెబితే ఇలా ఉంటుంది. నలభై ఏళ్ల వయసులో ఆ వేపచెట్టు కింద మొదటిసారి నాకు తెలిసింది: నా నోట్లోంచి వచ్చినది ఏదైనా సరే, ముందు నవ్వి తరవాత చూస్తారు. పిచ్చివాడని బావ మాట ఎవరూ నమ్మలేదు. నా మాట మటుకు ఎవరు నమ్ముతారు?

ఇంకో దారి లేక నాకు వచ్చిన ఒకే ఒక్క పని చేశాను. వెన్ను నిటారుగా పెట్టాను. లేని కళ్లజోడు పైకి తోసుకున్నాను. డాక్టరమ్మ గొంతు పెట్టాను. "దీన్ని బైపోలార్ అంటారు. కొన్నాళ్లు మనసు పైపైకి పోతుంది, కొన్నాళ్లు అడుక్కి దిగిపోతుంది. దయ్యం కాదు, పొగరు కాదు..." ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ ఆగాను, ఎక్కడ వేలు చూపించిందో అక్కడ చూపించాను. "ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ఉప్పు ఎప్పుడూ తిన్నట్టే తినాలి. తగ్గించకూడదు."

బావ వేళ్లు వల మీద ఆగిపోయాయి. నోరు తెరుచుకునే ఉంది గాని మాట రావడం లేదు. నాలుగు రోజుల్లో ఆయన మాట ఆగడం అదే మొదటిసారి అని అక్క తరవాత చెప్పింది.

"ఇంకోసారి" అన్నాడు.

చెప్పాను.

"ఇంకోసారి."

మూడోసారికి ఆయన పెదాలు నాతోపాటు కదిలాయి. నాకన్నా ఒక మాట ముందే ఉన్నాయి. మత్తులో, తల వేలాడదీసి, ఆయన విన్నదంతా ఉంది. ఒక్క ముక్క కూడా పోలేదు.

"అయితే నాకు సరిగ్గానే వినపడింది" అన్నాడు.

"వినపడింది బావా."

"గట్టు మీద అడిగినానే. అప్పుడు?"

"అప్పుడూ నాకు తెలుసు."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేదని ఇప్పుడు కూడా అనుకుంటాను. ఆయన లేచాడు, మాట తిన్నగా వచ్చింది. "మీరు పోయి మీ అమ్మగారిని పిలుచుకొని రండి" అన్నాడు. పన్నెండేళ్లలో ఏరా, బామ్మర్దీ, దొంగనాయాలా తప్ప ఇంకో పిలుపు ఎరగను ఆయన నోట.

అమ్మను తెచ్చాను. అక్క ముందు, అమ్మ ముందు మళ్లీ చెప్పించాడు. ఈసారి నా సొంత గొంతుతో. అది ఎలా ఉంటుందో నాకే కొత్తగా ఉంది. అక్క అంతా విని ఒకటే అడిగింది.

"ఆయన చప్పిడి కూడు తింటా ఉంటే నీకు నవ్వొచ్చిందా?"

"వచ్చింది."

అక్క చేతిలో ఉన్న చెంబు నా నుదుటికి తగిలింది. మచ్చ ఉంది. అమ్మ పరిగెత్తుకొచ్చి రక్తానికి చెంగు అడ్డం పెట్టి, అందరికీ వినపడేలాగే అంది: "ఎందుకు చెప్పినావురా? నేను మోస్తానే ఉంటిని కదా!"

మా అమ్మ మంచితనం అంత కటికది. నేను నోరు మూసుకుని ఉంటే ఆమె కూతురి పలకరింపు లేకుండానే పోయేది, బావ కొట్టుకుపోయేవాడు, నేను మాత్రం పెళ్లిళ్లకి పోతూ ఉండేవాణ్ణి. ఆమెకి అదే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే నెల్లూరు బస్సెక్కాం. బావ దారి పొడవునా ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు, కండక్టరుతో, కిటికీతో. నాతో తప్ప. ఆసుపత్రి గది ముందు పేరు పిలిచారు. అలవాటు కొద్దీ నేను లేచాను.

"మీరు బయట కూర్చోండి" అన్నాడు బావ. "నాకు వినపడతది. మా ఆమెకి వినపడతది."

కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన, కొడుకు. కొడుకు ఆసుపత్రి కాగితాల్ని చీరలకొట్టు కవర్లో పెట్టి ఆ కవర్ని ఒళ్లో బోర్లించుకున్నాడు. ఇక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది చీరలు కొనడానికే నెల్లూరు వచ్చినట్టు వస్తారు. "ఏ జబ్బుకి వచ్చినారు?" అని పెద్దాయన గుసగుసగా అడిగాడు. "మా బావకి బైపోలార్" అని మామూలు గొంతుతో అన్నాను. కొడుకు తలెత్తి చూశాడు. పెద్దాయన మాత్రం నా నుంచి ఒక జానెడు అవతలికి జరిగాడు. మూడు నెలల కిందట నేనైతే ఆ జరగడాన్ని ఇంటికి తీసుకుపోయి పది మందికి చేసి చూపించేవాణ్ణి.

తలుపు సగం తెరిచే ఉంది. లోపల డాక్టరమ్మ అంతా మొదటినుంచి చెప్పింది. "ఇప్పుడు మీరు చెప్పండి" అంది. బావ గొంతు గబగబా అందుకుంది. జబ్బు పేరు, మాత్ర పేరు, రక్తపరీక్ష, ఉప్పు, నీళ్లు. "వాంతులైనా, విరోచనాలైనా, చేతులు వణికినా..." అక్కడ ఆగాడు. ఆయన చెయ్యి ఆయనకి కనపడి ఉంటుంది. తరవాతి మాట నా నాలుక చివర ఉంది. గుమ్మం దాకా పోయాను.

"నడక తూలినా, మాట ముద్దగా వొచ్చినా" అంది అక్క లోపలి నుంచి. చదువురాని మా అక్క.

"సరిగ్గా చెప్పారు" అంది డాక్టరమ్మ. కాగితం మీద ఏదో రాస్తూ తలెత్తి, తలుపు సందులో నన్ను చూసింది. "ఆయన మీ తాలూకేనా?"

బావ వెనక్కి తిరిగి చూశాడు. నవ్వలేదు, కోపంగానూ లేడు.

"తెలిసినాయనండి" అన్నాడు. "మోటార్లు రిపేరు చేస్తాడు."